రబ్బరుతో చదివిన చదువు

ఆవిడకి ముందస్తు మేడమ్ అని పేరు పెట్టిందెవరో గానీ, వాళ్ల నోట్లో పంచదార పొయ్యాలి. అంతకన్నా అతికినట్టు సరిపోయే పేరు ఇంకోటి దొరకదు. సాయంత్రం బస్సుకి పొద్దున్నే సంచీ సర్దేసి గుమ్మం పక్కన పెట్టుకునే మనిషి. నడి ఎండాకాలంలో గొడుగు బాగుచేయించుకునే మనిషి. పక్కింటావిడ నెల తప్పిందని తెలిసి పలకరించడానికి వెళ్లి, రెండో మాటగా "బళ్లో సీటు సంగతి ఎవరికైనా చెప్పి పెట్టారా?" అని అడిగిందని వీధిలో చెప్పుకునేవారు. నేనలా అడగలేదు మొర్రో అని ఆవిడ చాలాకాలం వాదించింది. నమ్మినవాళ్లు మాత్రం తక్కువ.

కాలేజీ ప్రవేశ పరీక్షలకీ, లా కాలేజీ ప్రవేశ పరీక్షలకీ పిల్లల్ని తయారుచెయ్యడం ఆవిడ పని. పైపులూ కుళాయిలూ అమ్మే కొట్టు మీద పొడుగాటి గదొకటి ఉండేది. అదే క్లాసు. దాని వెనకున్న రెండు గదుల్లో కాపురం. భర్త రైల్లో టికెట్లు చూసే ఉద్యోగి. ఊళ్లన్నీ చుట్టబెట్టి ఇంటికొస్తే నిద్ర, లేస్తే మళ్లీ రైలు. ఆ రెండింటి మధ్యా దొరికిన కాసేపట్లో ఆయన భార్య చెప్పిందల్లా ఒప్పుకునేవాడు. ఇద్దరికీ కలిపి ఒక్కతే కూతురు. ఆ పిల్లని క్లాసుకొచ్చే వాళ్లంతా బుల్లి లాయరు అనేవారు, ఇంట్లో బుల్లి అనేవారు.

ఆ బుల్లి ఇప్పుడు నిజం లాయరే. పాపిట పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు కూడా వచ్చాయి. అమ్మ ఆవిడ దగ్గరే ఉంటోంది. కోర్టుకి బయల్దేరే వేళకి గంట ముందే కూతురి చెప్పులు గుమ్మం వైపు తిప్పి పెట్టి, "ఇంకా జడేనా?" అని వంటింట్లోంచి కేకేస్తుంది. కోర్టు వరండాలో బల్ల మీద తన కేసు పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నప్పుడు బుల్లి మనసు ఊరికే ఆ పొడుగాటి గదికి పోతుంటుంది. ఆ గదిలో ఇప్పుడు ప్లాస్టిక్ పైపుల కట్టలు పేర్చి పెట్టారట. ఆ మాట విన్నరోజు ఆవిడకి అన్నం సహించలేదు.

గది అంటే ఏముంది, గోడ వారగా బెంచీలు, ఓ నల్లబల్ల, రోడ్డు వైపు రెండు కిటికీలు. మధ్యాహ్నం ఎండ బెంచీల మీద పడి, మెల్లగా గోడెక్కి, సాయంత్రానికి నల్లబల్ల చివరికి చేరేది. కింద కొట్టులో పైపులు కోసే చప్పుడు పళ్లు జివ్వుమనిపించేది. కొత్తగా చేరిన పిల్లలు చెవులు మూసుకుంటే మేడమ్ ఊరుకునేది కాదు. "పరీక్ష హాల్లో ఒకడు దగ్గుతాడు, ఒకడు కుర్చీ ఈడుస్తాడు. అక్కడ కూడా చెవులు మూసుకుంటే రాసేదెవరు, మీ తాతయ్యా?" అనేది. పైపుల కొట్టాయన్ని అందరూ బాబాయి అనేవారు. ఆ మాట విన్నాక ఆయన తన రంపం వల్లే పిల్లలకి సీట్లు వస్తున్నాయని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

మేడమ్ క్లాసులో చేరడానికి తొమ్మిదో తరగతి దాటితే చాలా ఆలస్యం కింద లెక్క. పన్నెండు చదువుతూ వచ్చిన పిల్లల్ని ఆవిడ, రోగం ముదిరాక వచ్చిన మనిషిని డాక్టరు చూసినట్టు చూసేది. ఆ పట్టుదలకి కారణం ఉంది, అది కొత్త పిల్లలందరికీ మొదటి రోజే చెప్పేది. చిన్నప్పుడు ఆవిడకి లాయరవ్వాలని ప్రాణం. దానికి ప్రవేశ పరీక్ష ఒకటుందని తెలిసేసరికి అది పక్షం రోజుల్లోకి వచ్చేసింది. ఉన్న పుస్తకాలు ఉన్నట్టు మింగేసి వెళ్లి రాసింది. వెంట్రుకవాసిలో సీటు పోయింది. "ఇంకొక్క నెల ముందు మొదలెట్టి ఉంటే నేను ఇక్కడ మీ ముందు సుద్దముక్క పట్టుకుని ఉండేదాన్ని కాదు" అని ముగించేది. తర్వాత డిగ్రీ, పెళ్లి, ఈ గది. ఆ మాట చెప్పేటప్పుడు ఎప్పుడూ గొంతు వణికేది కాదు. అలా వణక్కుండా చెప్పడమే బుల్లికి చిన్నప్పట్నుంచీ భయంగా ఉండేది.

ఇక్కడే రబ్బరు సంగతి చెప్పాలి. పాత ప్రశ్నపత్రాల కట్టలు ఆ గదికి ప్రాణం. ఎక్కడెక్కడివో, ఏ ఏటివో పేపర్లన్నీ మేడమ్ ఏళ్ల తరబడి పోగుచేసింది. ఒక్కో పేపరూ అన్ని బ్యాచ్‌ల చేతులూ మారాలి. అందుకని ఎవరైనా సరే జవాబు పక్కన పెన్సిల్‌తోనే, అదీ సన్నగా, టిక్కు పెట్టాలని రూలు. క్లాసయ్యాక ఆ టిక్కులన్నీ చెరిపేసి మళ్లీ కట్ట కట్టాలి. ఆ చెరిపే పని బుల్లిది. పలకా బలపం వదిలిన వయసునుంచీ ఆ పిల్ల సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుని, నాలిక ఓ పక్కకి పెట్టి, పేపర్ల మీద రబ్బరు రుద్దేది. ఒళ్లంతా రబ్బరు పొట్టు. తలలోంచి కూడా దులిపేవారు. పెద్ద పిల్లలు వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల బుగ్గ గిల్లి, "నాది కాస్త గట్టిగా రుద్దు బుల్లీ, తప్పులెక్కువున్నాయి" అని నవ్వేవారు. ఆ సాయంత్రాలంత హాయి తన జీవితంలో మళ్లీ దొరకలేదని బుల్లి ఇప్పటికీ అంటుంది.

రుద్దుతూ రుద్దుతూ ఊరికే ఉంటుందా, చదివేది. అర్థమైనా కాకపోయినా చదివేది. బాగా చదివే పిల్లల టిక్కులు ఎక్కడున్నాయో చూసేది. చెరిపి చెరిపి సరైన జవాబు దగ్గర కాగితం పల్చబడి, వెలుగుకి పెడితే ఉల్లిపొరలా కనిపించేది. కొన్నాళ్లకి వెలుగుకి పెట్టే పని కూడా లేకపోయింది. పదేళ్లన్నా నిండకుండానే ఆ పిల్ల, అన్నయ్యలూ అక్కయ్యలూ బుర్రలు బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్నకి కిటికీ దగ్గర్నుంచే "సి" అనేది. అదే కరెక్టయ్యేది. క్లాసంతా గొల్లుమనేది. బుల్లి లాయరన్న పేరు అప్పుడే వచ్చింది. మేడమ్ పైకి "నీ పని నువ్వు చూసుకో" అని కసిరేది గానీ, ఆ రాత్రి భర్త ఇంట్లో ఉంటే ఆయన్ని నిద్ర లేపి మరీ చెప్పేది. ఆయన కళ్లు మూసుకునే "నీ పోలికే" అనేవాడు.

బుల్లి పద్నాలుగో ఏట అధికారికంగా బెంచీ మీద కూర్చుంది. కూర్చున్న రోజునుంచీ వందకి వంద. ఇచ్చిన టైములో సగం కూడా అక్కర్లేదు. ప్రశ్న మొదటి నాలుగు మాటలు చదివేసరికి చెయ్యి దానంతటదే జవాబు మీదికి వెళ్లేది. ఆ పిల్ల మోసం చెయ్యలేదు. చేస్తే ఇంత బాధ ఉండేది కాదు. ఆలోచించడమంటే ఇదేననుకుంది. తనది చురుకు బుర్ర అనుకుంది, అందరూ అదే అన్నారు మరి. కొత్తగా పిల్లల్ని చేర్చడానికొచ్చిన తల్లిదండ్రులకి మేడమ్ కూతుర్ని చూపించి, "ముందు మొదలెడితే ఇలా ఉంటుంది" అనేది. వాళ్లు బుల్లిని షోకేసులో బొమ్మని చూసినట్టు చూసి, అక్కడికక్కడే పిల్లల్ని చేర్చేసేవారు.

లా కాలేజీ అసలు పరీక్ష రానే వచ్చింది. తల్లీకూతుళ్లు హాలు దగ్గరికి వెళ్లేసరికి ఇంకా గేటు తాళం కూడా తియ్యలేదు. వాచ్‌మన్ పళ్లు తోముకుంటూ వచ్చి, "పరీక్ష ఇవాళేనా?" అని వీళ్లనే అడిగాడు. లోపలికెళ్లి కూర్చున్నాక బుల్లికి భయమన్నదే లేదు. గంట కొట్టారు. పేపరు తెరిచింది. మొదటి ప్రశ్న చదివింది, చెయ్యి కదల్లేదు. పోనీలే అని రెండోది చదివింది. మూడోది చదివింది. తెలిసిన మొహం ఒక్కటీ లేని పెళ్లికి వచ్చినట్టుంది. అలవాటు కొద్దీ పేపరెత్తి కిటికీ వెలుగుకి పెట్టి చూసింది. కొత్త కాగితం, ఎక్కడా పల్చన లేదు. కాపలా ఉన్నాయన దగ్గరికొచ్చి, "ఏంటమ్మా, ఇదేమైనా దొంగనోటేమోనని చూస్తున్నావా?" అన్నాడు. చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. బుల్లి పేపరు దించేసింది. తర్వాత ఏం రాసిందో, ఎలా రాసిందో ఆవిడకి ఇప్పటికీ గుర్తులేదు.

బయటికొచ్చేసరికి అమ్మ గేటు దగ్గర మంచినీళ్ల సీసా మూత తీసి సిద్ధంగా పట్టుకుని ఉంది.

"ఎలా రాశావే?"

"ఒక్కటి కూడా మనది రాలేదమ్మా."

"మనదేంటి?"

"మన పేపర్లలోది."

మేడమ్‌కి అర్థం కాలేదు. "మన పేపర్లలోవి మళ్లీ ఎందుకిస్తారే? అవి అభ్యాసానికి కదా!" అంది. బుల్లి సీసా తీసుకుని, తాగకుండానే మూత పెట్టేసింది.

ఇంటికొచ్చాక చెప్పులు కూడా విప్పకుండా మేడమ్ క్లాసు గదిలోకి వెళ్లి, ఒక పాత పేపరు తీసి, అందులోని ప్రశ్నొకటి నల్లబల్ల మీద రాసింది. మొదటి రెండు వాక్యాలూ ఉన్నవున్నట్టు రాసి, మూడో దాంట్లో సంగతి తిప్పేసింది. అసలు ప్రశ్నలో ఇంటాయన గేటు తాళం వేసి వెళ్తాడు, ఆవిడ రాసిన దాంట్లో తాళం వెయ్యకుండా వెళ్లాడు. అంటే జవాబు కూడా తిరగబడాలి. రాయడం పూర్తి కాకుండానే వెనకనుంచి బుల్లి "బి" అంది.

మేడమ్ సుద్దముక్క పట్టుకునే వెనక్కి తిరిగింది. "చివరిదాకా చదువు" అంది.

బుల్లి చదివింది. మొహం పాలిపోయింది.

"ఎప్పట్నుంచే ఇలా?"

"ఏమో అమ్మా. రబ్బరు పట్టుకున్నప్పట్నుంచే అనుకుంటా."

మేడమ్ బెంచీ మీద కూలబడింది. తిడదామంటే ఎవర్ని తిట్టాలి? రబ్బరు చేతికిచ్చింది తనే. వందకి వంద వచ్చినప్పుడల్లా మురిసింది తనే. ఊరందరి పిల్లలకీ పనికొచ్చిన ఆ కట్టలు ఒక్క తన కూతురి విషయంలోనే ఎందుకూ కొరగాకుండా పోయాయి. ఆ పిల్ల కొత్తగా ఎదుర్కోవడానికి ఆ గదిలో ఒక్క కాగితం కూడా మిగల్లేదు.

ఫలితాలొచ్చాయి. బుల్లి పేరు లేదు. ఆ బెంచీల మీదే ఆ పిల్ల పక్కన కూర్చుని, అరవైలూ డెబ్భైలూ తెచ్చుకున్న ఇద్దరికి సీట్లొచ్చాయి. వీధి ఊరుకుంటుందా? "మేడమ్ గారి అమ్మాయికే రాలేదట!" అని ముక్కున వేలేసుకుంది. ఒకావిడ మెట్లెక్కొచ్చి మొహమాటపడుతూనే తన కొడుకుని మానిపిస్తున్నానని చెప్పి వెళ్లింది. మేడమ్ దేనికీ నొచ్చుకున్నట్టు కనిపించలేదు. కాకపోతే కొత్త పిల్లలకి మొదటి రోజు చెప్పే తన కథ చెప్పడం మానేసింది.

తల్లీకూతుళ్ల మధ్య అప్పుడే అసలు గొడవ జరిగింది. వచ్చే ఏడు మళ్లీ రాయాలని మేడమ్, రాయనని బుల్లి. ఏదో ఒక డిగ్రీలో చేరిపోతానంది. "నేనెంత పనికిమాలిన దాన్నో నాకు తెలిసిపోయిందమ్మా. ఇంక నన్నొదిలెయ్" అని ఏడ్చింది.

"ఇంత చిన్నప్పట్నుంచీ మొదలెట్టి ఇప్పుడు వదిలేస్తావా?"

"ఎక్కడ మొదలెట్టానమ్మా? అందరూ మొదలెట్టారు, నేను వాళ్ల వెనకాల చెరిపేశాను. అంతే!"

మేడమ్ లోపలికి వెళ్లి వంటింట్లో గిన్నెలు అవసరానికి మించి గట్టిగా తోమింది. మంచం మీద పడుకున్న భర్త మొదటిసారిగా నిద్ర నటించడం మానేసి లేచొచ్చాడు. "పిల్ల చెప్పింది నిజమే కదా" అన్నాడు మెల్లిగా. ఆయన అలా భార్యకి ఎదురుచెప్పడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. మేడమ్ చేతులు తుడుచుకుని బయటికొచ్చి, "సరే, ఇప్పుడు మొదలెడదాం. కాగితం వద్దు, పెన్సిలు వద్దు" అంది కూతురితో. ఆ మాటలో బతిమాలుతున్నట్టు ఏదో ఉంది. బుల్లి కాదనలేకపోయింది.

మర్నాటినుంచి క్లాసు పిల్లలు రాకముందు తల్లీకూతుళ్లిద్దరే ఆ గదిలో కూర్చునేవారు. మేడమ్ అప్పటికప్పుడు ఓ రూలు చెప్పేది, ఓ కథ చెప్పేది, తీర్పేంటో బుల్లి చెప్పాలి. కథల్లోకి వీధి వీధంతా వచ్చేసింది. బాబాయి కొట్టు ముందు పడేసిన పైపు తట్టుకుని పోస్ట్‌మన్ పడితే తప్పెవరిది? ఇస్త్రీ చేసే ఆయన ఒకరి చొక్కా ఇంకొకరికిస్తే, ఆ చొక్కా జేబులో దొరికిన లాటరీ టికెట్ ఎవరిది? మొదట్లో ఇదంతా మహా ఘోరంగా సాగింది. బుల్లికి ఆలోచించడమన్నది కొత్త. ఆప్షన్లు చెప్పమనేది. అమ్మ మొహం చూసి పట్టేసేది. తప్పు వైపు వెళ్తుంటే మేడమ్ కనుబొమ్మ కాస్త లేచేది, వెంటనే ఈ పిల్ల మాట మార్చేసేది. రెండు మూడు రోజుల్లోనే మేడమ్ అది కనిపెట్టి, అప్పట్నుంచి కూతురికి వీపు తిప్పి, నల్లబల్ల తుడుస్తూ ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. ఉన్న మరకలు పోయి, లేని మెరుపు వచ్చేదాకా ఆ నల్లబల్లని తుడిచింది. ఆ వీపు చూస్తూ బుల్లి ఎన్నిసార్లు ఏడుపు మింగిందో లెక్కలేదు. "ఎందుకు?" అని అడిగేది వీపు. చెప్తే మళ్లీ "అయితే?" అనేది. తల ప్రాణం తోకకొచ్చేది.

అలా కొన్నాళ్లు పోయాక కుర్చీ కేసు వచ్చింది. ఇది కల్పించిన కథ కాదు. మేడమ్‌కి ఒక పాత చెక్క కుర్చీ ఉండేది, కాలు విరిగితే మెట్ల కింద పెట్టింది. చాలాకాలం అక్కడే పడి ఉంది. బాబాయి దాన్ని తీసుకుని, విరిగిన కాలు బదులు ఇనప పైపు ముక్క బిగించి, గల్లాపెట్టె దగ్గర వేసుకుని దర్జాగా కూర్చున్నాడు. అది చూశాక మేడమ్‌కి ఆ కుర్చీ మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. మర్నాడు అదే ప్రశ్నగా వేసింది.

"రూలు. యజమాని తనకొద్దని వదిలేసిన వస్తువు, తీసుకున్నవాళ్లది. మరిచిపోయినదీ, దాచుకున్నదీ యజమానిదే. ఇప్పుడు చెప్పు, కుర్చీ ఎవరిది?"

"బాబాయిది" అంది బుల్లి.

తుడుస్తున్న చెయ్యి ఆగింది. "ఎందుకు? మెట్లు మనవి. బాగుచేయిద్దామనే కదా అక్కడ పెట్టాను!"

"బాగుచేయిద్దామని ఎవరితోనైనా అన్నావా?"

"నా మనసులో ఉంది."

"నీ మనసులో ఉన్నది బాబాయికెలా తెలుస్తుంది? పోనీ మనసు సంగతి వదిలెయ్. మెట్లు ఊడ్చే ఆవిడ మొన్న అడ్డంగా ఉందంటే నువ్వేమన్నావు? 'తీసుకెళ్లి ఎక్కడైనా పారెయ్యవమ్మా, చూడలేక ఛస్తున్నా' అన్నావు."

"విసుగులో అన్నాను."

"విసుగు ఆవిడకి కనిపించదమ్మా, మాటే వినిపిస్తుంది. పారెయ్యమన్నావంటే వద్దనుకున్నట్టే. ఆవిడ పారెయ్యలేదు కాబట్టి అక్కడే ఉంది. నువ్వు దాచుకున్నందుకు కాదు."

"బాగుందే! సాక్ష్యం నువ్వే, తీర్పూ నువ్వేనా?"

"సాక్ష్యం వద్దంటే ఊడ్చే ఆవిడని పిలు. తీర్పు మాత్రం ఇదే."

మేడమ్ ఇంకా వీపు తిప్పే ఉంది. బుల్లికి ఆ మొహం కనిపించడం లేదు, తను చెప్పింది ఒప్పో తప్పో తెలిసే దారి లేదు. అయినా ఆ పిల్ల మాట మార్చలేదు. తను చెప్పింది ఒప్పేనని తనకి తెలుసు, ఎవరి టిక్కూ చూడకుండా తెలుసు. జీవితంలో అదే మొదటిసారి. చెప్పలేనంత సంతోషం వేసింది.

"నేను చెప్పాలనుకున్న జవాబు తప్పు" అంది మేడమ్ నల్లబల్లతో. "కుర్చీ వాడిదే."

అప్పటిదాకా మెట్ల మీద చెవులు రిక్కించి నిలబడ్డ బాబాయి "సెభాష్ తల్లీ!" అని ఒక్క కేక పెట్టాడు. మేడమ్ అప్పుడు ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "దొంగచాటుగా వినేవాళ్లకి ఏం శిక్ష వెయ్యాలో అది కూడా చెప్పవే" అని బాబాయి మీద పడింది. ఆయన మెట్లు రెండేసి దిగి పారిపోయాడు. ఆ రోజు తల్లీకూతుళ్లు నవ్వినంత నవ్వు ఆ గదిలో ముందూ వెనకా లేదు.

రెండోసారి పరీక్షకి బుల్లి భయపడుతూనే వెళ్లింది. పేపరు తెరిస్తే ఈసారి కూడా తెలిసిన ప్రశ్న ఒక్కటీ లేదు. మొదటిది చివరిదాకా చదివింది. మళ్లీ చదివింది. లోపలెక్కడో ఓ వీపు "ఎందుకు?" అని అడిగింది, జవాబు చెప్పుకుంది. అలా ఒక్కొక్కటీ. పూర్తి చెయ్యకముందే గంట కొట్టేశారు, చివర కొన్ని ఖాళీగా మిగిలిపోయాయి. గేటు దగ్గర అమ్మ నీళ్ల సీసా అందించి, "ఎన్ని కరెక్టు?" అంది. ఆ ప్రశ్నకి ఆ ఇంట్లో ఎప్పుడూ తడుముకోకుండా జవాబు ఉండేది.

"తెలీదమ్మా" అంది బుల్లి. "ఆలోచించి రాశాను. అంతే తెలుసు."

ఫలితాలొచ్చేదాకా మేడమ్ తిండి సరిగ్గా తినలేదు. అసలు ఆవిడకి ఎదురుచూడ్డం చేతకాదు, ఏ పనికైనా ముందే ఉండే మనిషి కదా. బల్ల తుడిచింది, బెంచీలు తుడిచింది, కిటికీ ఊచలు కూడా తుడిచింది. ఫలితాలొచ్చిన రోజు మధ్యాహ్నం క్లాసు మొదలయ్యే వేళకి తల్లీకూతుళ్లిద్దరూ మెట్లెక్కుతుండగా కొట్టులో ఫోను మోగింది. లా కాలేజీలో చదువుతున్న పాత స్టూడెంటు ఒకడు అక్కడి నోటీసు బోర్డు చూసి చేశాడు. బాబాయి రంపం పక్కన పడేసి, రిసీవరు చేత్తో పట్టుకునే, దాని తీగ సాగినంతమేరా బయటికి ఉరికొచ్చాడు.

"బుల్లీ! వచ్చిందే తల్లీ! చివర్లో ఎక్కడో ఉందట గానీ, వచ్చింది!"

బుల్లి ఎగిరి గంతేసి అమ్మ వైపు తిరిగింది. అమ్మ మెట్టు మీద కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. సంతోషంతో ఏడ్చే ఏడుపు కాదది, చూస్తేనే తెలుస్తోంది.

"అమ్మా, వచ్చిందే! ఏడుస్తావేంటి?"

"నీ గురించి కాదే" అంది మేడమ్.

"మరి?"

మేడమ్ కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మెల్లిగా అంది. "ఆలస్యంగా మొదలెట్టాను, అందుకే పోయిందని ఇన్నేళ్లూ ఊరందరికీ చెప్పాను. నీక్కూడా చెప్పాను. ఆ ఏడు పోయింది, సరే. మరుసటేడు కూడా పరీక్ష పెట్టారు కదే. ఆ మరుసటేడూ పెట్టారు. నన్నెవరూ వద్దనలేదు. మా నాన్నైతే, మళ్లీ రాస్తావా అమ్మా అని తనే అడిగాడు. ఇంకేం రాస్తాను నాన్నా, ఆలస్యమైపోయింది అన్నాను. నాకప్పుడు నీ వయసే."

బుల్లి అమ్మ పక్కన మెట్టు మీద కూర్చుని ఆవిడ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుంది. బాబాయి ఫోను పెట్టేసి, రంపం జోలికి వెళ్లకుండా కొట్టులో ఊరికే నిలబడ్డాడు. పిల్లలు ఒక్కొక్కరే వాళ్లని దాటుకుని, చప్పుడు చెయ్యకుండా మెట్లెక్కి పైకి వెళ్లారు. పైన బెంచీలు నిండాయి, క్లాసు వేళ దాటింది. ఆ రోజు ముందస్తు మేడమ్ క్లాసుకి ఆలస్యంగా వెళ్లింది.